బెజవాడలో నా బరువు

శ్రావణ శుద్ధ విదియ

నా చేతికి ఒక పట్టీ కట్టారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎంత దూరం నడిచానో, ఎన్ని నీళ్ళు తాగానో అన్నీ అదే రాసుకుని డాక్టర్ సలీమా గారికి పంపిస్తుంది. ఈ పొద్దున మా వదిన పెరట్లో మల్లెపందిరి కింద నిలబడి నేను ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో మాత్రం పట్టీ రాసుకోలేదు. గుండె కాసేపు హెచ్చిందని రాసుకుని కుయ్యిమని మోగింది. అందుకే కలం పట్టాను. ఇంటరు దాకా కూడా వెళ్ళలేదు నేను, హైస్కూలుతో సరి. తప్పులుంటే ఉంటాయి.

ఇంకో కారణం కూడా ఉంది. మా ఆయన పోయాక చంద్రుడి మీది గనిలో వంటమనిషి పనికి వెళ్ళి పంతొమ్మిదేళ్ళు ఉండిపోయాను. అక్కడ మన బరువు ఆరోవంతే. అన్నేళ్ళు తేలిగ్గా బతికేసరికి గుండె చిన్నదైపోయిందట. దిగాక నెలరోజులు గన్నవరం అవతల కేంద్రంలో మంచం మీద ఉంచి, ఇప్పుడు ఇంటికి పంపారు. దసరాలోపు గుండె ఈ నేల బరువుకి అలవాటుపడాలి. పడకపోతే మళ్ళీ పైకి పంపాల్సి వస్తుందని సలీమా గారు చెప్పారు. ఈసారి వెళితే తిరిగి రావడమంటూ ఉండదు.

పైకి వెళ్ళేవాళ్ళని ఎక్కువ సామాను తీసుకెళ్ళనివ్వరు. రెండు చీరలు, ఒక దేవుడి పటం, అంతే. కాగితాలు తేలిక కదా. వెళ్ళాల్సివస్తే ఊరిని ఇలా పట్టుకెళతాను.

ఇంత రాసేసరికి వేళ్ళు లాగుతున్నాయి. అక్కడ పాతిక కిలోల బియ్యం బస్తాని ఒంటిచేత్తో అటక మీదికి విసిరేసేదాన్ని. ఇక్కడ కలమే బరువుగా ఉంది.

శ్రావణ శుద్ధ పంచమి

మా వదిన పేరు పేరిందేవి. మా అన్నయ్య భార్య. నేను పైన ఉండగానే అన్నయ్య పోయాడు. అప్పటినుంచి సత్యనారాయణపురంలో ఈ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. సాయంత్రం వీధి మొదట్లో పునుగుల బండి పెడుతుంది. నోరు పెద్దది. వీధిలో అందరినీ తిడుతుంది, అందరూ ఆమె దగ్గరే తింటారు.

నేను వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో గాజుగ్లాసు మిగల్లేదు. అక్కడ గ్లాసుని గాల్లో వదిలేస్తే తీరిగ్గా దిగుతుంది. ఈలోపు గిన్నె మీద మూత పెట్టి మళ్ళీ అందుకోవచ్చు. అది చేతులకి పట్టేసింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు పక్కన వదిలేసి, వదినతో మాట్లాడటానికి అటు తిరిగాను.

"ఏమే హైమా, గాల్లో బల్లేమన్నా ఉందనుకున్నావా?" అంది పెంకులు ఏరుతూ.

"అలవాటు వదినా."

"పంతొమ్మిదేళ్ళలో నేర్చుకున్నది ఇదా? రేపట్నుంచి నీకు స్టీలు చెంబే. పడినా ఊరికి వినపడుద్ది గానీ పగలదు."

ఇవాళ పొద్దున్నే ఏలూరు కాలవలో పడవెక్కి ఊరు చూడటానికి వెళ్ళాం. నేను వెళ్ళేనాటికి ఆ కాలవ పక్కన ముక్కు మూసుకుని నడిచేవాళ్ళం. ఇప్పుడు అడుగున నాచు కనపడుతోంది. సిటీ బస్సు ఎక్కినట్టు జనం చేతిసంచులతో ఎక్కుతున్నారు, దిగుతున్నారు. రోడ్లన్నిటికీ పైన తెల్లటి గుడ్డ పందిళ్ళు. పొద్దెక్కగానే ఎండగంట మోగుతుంది, షాపులన్నీ మూసేస్తారు, మళ్ళీ ఎండ తగ్గాకే తెరుస్తారు. బీసెంట్ రోడ్డులో గాజుల బేరాలు తెల్లవారుజామునే చూశాను. నిద్రమొహాలతో కూడా ఆడవాళ్ళు అంత గట్టిగానే బేరమాడుతున్నారు. అది మాత్రం మారలేదు, నా ప్రాణం లేచొచ్చింది.

ఒకచోట పడవ మలుపు తిరిగింది. ఎక్కడున్నామో నాకు తెలియలేదు. నేను పుట్టి పెరిగిన ఊరు. సిగ్గేసింది. అంతలో గాలిలో మిరపబజ్జి వాసన, దాని వెనకే తడిసిన సున్నం వాసన, ఆ వెనక మల్లెపూలు వచ్చాయి. "పూలమార్కెట్టు దగ్గరికొచ్చాం కదూ?" అన్నాను.

పడవ నడిపే కోటయ్య వెనక్కి తిరిగి చూశాడు. "ముక్కుతో చూశారేంటమ్మా! ఆ మార్కెట్టు తీసేసి చాలా ఏళ్ళయింది. పూలవాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలా. ఇదిగో, ఒడ్డునే కూర్చుంటారు."

మల్లెపూల మూర ఒకటి కొని తల్లో పెట్టుకున్నాను. అక్కడ జుట్టు భుజాల మీద కుదురుగా పడదు, కదిలితే చాలు చుట్టూ లేస్తూ ఉంటుంది. పూలు నా మెడ మీద బరువుగా, చల్లగా ఆనాయి. పట్టీ మళ్ళీ మోగింది.

వరలక్ష్మీ వ్రతం నాడు

ఇది రాయకూడదనుకున్నాను. కానీ రాయాలి.

పైన నిప్పు అంటే చావే. గదిలో గాలి అంతా మనం మోసుకెళ్ళిందే, దాన్ని నిప్పు తినేస్తుంది. అందుకే అక్కడ దీపం వెలిగించనివ్వరు. నా పటం ముందు చిన్న బల్బు పెట్టుకునేదాన్ని. నిప్పు కనిపిస్తే ఏం చెయ్యాలో ప్రతి నెలా మా చేత చేయించేవారు. మూతేసి నొక్కు, పక్కవాళ్ళని బయటికి లాగు, తలుపు మూసెయ్యి. నిద్రలో లేపినా చేసేస్తాం.

మొగుడు పోయినవాళ్ళు వ్రతం చెయ్యకూడదనే పట్టింపు ఇప్పుడు లేదట, వీధిలో ఆడవాళ్ళంతా మా ఇంటికే వచ్చారు. నేను అమ్మవారిని చూస్తూ మైమరచి కూర్చున్నాను. కథ అయింది, తోరాలు కట్టుకున్నారు. వదిన పళ్ళెంలో కర్పూరం వెలిగించింది. మంట ఒక్కసారి భగ్గుమంది.

తర్వాత నేను చేసింది నాకు సగమే గుర్తుంది. పులిహోర గిన్నె మీది మూత తీసి హారతి పళ్ళెం మీద బోర్లించి రెండు చేతులా నొక్కాను. పక్కింటి మాణిక్యం గారిని జబ్బ పట్టుకుని వాకిట్లోకి లాగి తలుపు మూసేశాను. "నిప్పు! నిప్పు!" అని అరిచాను. నా గొంతు అంత పైకి లేస్తుందని నాకే తెలియదు.

మాణిక్యం గారు చీర సర్దుకుని నెమ్మదిగా అన్నారు: "అమ్మవారికే ఊపిరాడకుండా చేశావు కదమ్మా."

లోపల్నుంచి వదిన తలుపు తీసింది. కోపంగా ఉంటుందనుకున్నాను. ఆమె మొహం చూస్తే నవ్వు ఆపుకుంటోంది. ఆగలేదు. గుమ్మం పట్టుకుని కూలబడి నవ్వింది. ఆమెను చూసి అందరూ. నేను మాత్రం ఏడుపు మొహంతో నిలబడ్డాను. హారతి ఆర్పినదాన్ని. ఎంత పాపమో.

"పాపం లేదు, పాడూ లేదు. ఇలా రా," అని వదిన మళ్ళీ కర్పూరం వెలిగించింది. నా చెయ్యి పట్టుకుని మంట మీదికి తీసుకెళ్ళింది. నేను వెనక్కి లాక్కున్నాను. ఆమె వదల్లేదు. "వేడి తగిలిందా? కళ్ళకద్దుకో. ఆఁ. అంతే. ఏం కాదు."

పంతొమ్మిదేళ్ళ తర్వాత హారతి కళ్ళకద్దుకున్నాను. అరచేతిలో ఆ వెచ్చదనం రాత్రి అన్నం తినేదాకా ఉన్నట్టే అనిపించింది.

శ్రావణ పౌర్ణమి

పొద్దుగుంకాక కాలవ గట్టు మీద కూర్చున్నాం. తూర్పున చంద్రుడు నిండుగా వచ్చాడు. నాకు ఇంకా వింతగానే ఉంది. అక్కడ భూమి పొడవదు, గుంకదు, ఎప్పుడూ ఆకాశంలో ఒకేచోట వేలాడుతుంది. ఇక్కడ అమావాస్య అయిన రోజున అక్కడ భూమి నిండుగా కనిపిస్తుంది. నేను బెజవాడ పంచాంగమే చూసుకుని ఆ వైపు తిరిగి దణ్ణం పెట్టుకునేదాన్ని. కృష్ణ ఎక్కడుందో వెతికేదాన్ని. మబ్బులు తప్ప ఏమీ కనపడేవి కావు.

"మీ వంటగది ఎక్కడే?" అంది వదిన చంద్రుణ్ణి చూస్తూ.

"అదిగో, ఎడమపక్క నల్లమచ్చ ఉందే, దాని అంచున."

ఆమె మెడ వంచి అటు చూసింది. తర్వాత విసుగ్గా అంది: "ముందే చెప్పొద్దూ! ఇన్నేళ్ళూ నేను కుడిపక్క చూస్తన్నా."

శ్రావణ బహుళ పక్షం, శుక్రవారం

ఇంద్రకీలాద్రి మెట్లకు పసుపు, కుంకుమ పెట్టి ఎక్కుతానని పైన ఉన్నప్పుడే మొక్కుకున్నాను. నన్ను క్షేమంగా దింపమని మొక్కు. దింపింది కదా, తీర్చాలి. ఇవాళ మొదలుపెట్టాను.

ఇప్పుడు కొండకి కదిలే మెట్లు వేశారు. జనం వాటి మీద నిలబడి వెళ్ళిపోతారు. పాత రాతిమెట్లు మొక్కుబడి వాళ్ళ కోసం అలాగే ఉంచారు. ఒక్కో మెట్టు దగ్గర వంగి, నీళ్ళతో తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, లేచి, పైమెట్టుకి వెళ్ళాలి. లెక్కపెట్టకూడదని మా నాయనమ్మ చెప్పేది. లెక్కపెడితే అమ్మవారితో బేరం పెట్టుకున్నట్టట. నేను లెక్కపెట్టను. వంగినప్పుడల్లా తల తిరుగుతుంది, లేచినప్పుడల్లా చెవుల్లో గుండె వినపడుతుంది. ఆగినచోట గుర్తుగా మందారపువ్వు పెట్టి దిగాను. వచ్చేవారం అక్కడినుంచి.

కింద వదిన గొడుగేసుకుని కూర్చుని ఉంది. "కదిలే మెట్లున్నాయిగా! నిలబడి వెళితే దుర్గమ్మ వద్దంటదా? మొండిఘటం. మీ అన్న కూడా ఇంతే!" కొండంతా వినపడేలా అరిచింది. నాకు ఎంత హాయిగా ఉందో. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టరు. చెవిలో యంత్రం మర్యాదగా చెప్తుంది, అంతే.

భాద్రపద శుద్ధ ఏకాదశి

నాలుగు రోజులుగా పాదాలు వాస్తున్నాయి. చెప్పులు పట్టడం లేదు. వదినకి చెప్పలేదు. ఇవాళ బండి దగ్గర రద్దీగా ఉంటే సాయం చేద్దామని వెళ్ళాను.

పైన నూనెలో వేయించడం ఉండదు కదా. అన్నేళ్ళూ నేను కలలోకి తెచ్చుకున్నది ఈ పునుగుల చప్పుడే. పిండి జారవిడిస్తే నూనెలో చుయ్యిమని పొంగి, బంగారు రంగు తిరిగి, పక్కకి దొర్లి... చూస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి బండి దీపాలు దూరమైపోయాయి.

కళ్ళు తెరిచేసరికి అరుగు మీద పడుకుని ఉన్నాను. నేను నూనె బాణలి వైపు ఒరిగితే వదిన అడ్డంగా చెయ్యి పెట్టి వెనక్కి లాగిందట. ఆమె ముంజేతి మీద మోచేతి దాకా నూనె పడింది. ఎవరో తడిగుడ్డ చుడుతున్నారు. ఆమె ఆ చెయ్యి చూసుకోవడం లేదు, నన్నే చూస్తోంది.

నేను తిట్టు కోసం ఎదురుచూశాను.

"లేస్తావా అమ్మా? మెల్లగా. కొంచెం మంచినీళ్ళు తాగుతావా?" అంది.

భాద్రపద పౌర్ణమి

వదిన తిట్టడం లేదు. ఇది నాలుగో రోజు. చెంబు చేతిలోంచి జారి గడప దాకా దొర్లింది. ఏమీ అనలేదు, వంగి తీసింది. "నువ్వు కూర్చో అమ్మా" అంటోంది. నా పేరు పిలవడం లేదు. బండి దగ్గర కూడా గొంతు వినపడటం లేదని మాణిక్యం గారు చెప్పారు. "తిట్టకుండా పెడితే పునుగులు చప్పగా ఉంటన్నాయి. మీ వదినకి ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

ఇవాళ మధ్యాహ్నం కాలిన చేత్తోనే మామిడికాయ ఎండుముక్కలు, కందిపొడి, కరివేపాకు పొడి చిన్న చిన్న పొట్లాలు కడుతోంది. ఎవరికని అడగలేదు. ఎంత బరువు వరకు పైకి తీసుకెళ్ళనిస్తారో సలీమా గారిని అడిగి తెలుసుకుందట.

నేను గదిలోకి వెళ్ళి మంచం మీద కూర్చున్నాను. ఇల్లంతా పైన గనిలో మెస్సులాగే నిశ్శబ్దంగా ఉంది.

మహాలయ అమావాస్య

సలీమా గారు ఇంటికి వచ్చారు. వదినని బండి సామాను కోసం బయటికి పంపాక నా పక్కన కూర్చున్నారు. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. అద్దె పడవలో ఎండలో వచ్చి మజ్జిగ కూడా అడగలేదు.

"అమ్మా, దాచను. మీ గుండె కుదురుకోవడం లేదు. మందుల వల్ల కొంత సర్దుకుంటుంది, పూర్తిగా కాదు. పైకి వెళితే పదిహేను, ఇరవై ఏళ్ళు మీకేం ఢోకా ఉండదు. ఇక్కడే ఉంటే నేను మాట ఇవ్వలేను. రెండేళ్ళు కావచ్చు. అంతకంటే తక్కువ కూడా కావచ్చు."

"పంపిస్తారా?"

"పంపాల్సి వస్తుందనే అన్నాను. మిమ్మల్ని తొందరపెట్టాలనే అలా అన్నాను. చివరి మాట మాత్రం మీదే. వెళతానంటే విజయదశమి తర్వాత పడవ... సారీ, రాకెట్టు ఉంది."

ఊళ్ళో అన్నిటికీ పడవలే కదా, అలవాటు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు మధ్యలోనే ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు ఆమె మీద జాలేసింది.

"అమ్మవారిని అడిగి చెప్తాను" అన్నాను.

నవరాత్రుల్లో మూలా నక్షత్రం రోజు

తెల్లవారుతుండగా కోటయ్య పడవలో కొండ దిగువకి వెళ్ళాం. అమ్మవారికి ఇవాళ సరస్వతీ అలంకారం. జనం నేల ఈనినట్టు ఉన్నారు. వదిన ఎప్పటిలా కింద గొడుగేసుకుని కూర్చుంది. మాట్లాడలేదు.

పాదాలు వాచినప్పటి నుంచి కొండకి రాలేదు. అప్పుడు నేను వదిలిపెట్టిన మెట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. మందారం ఎప్పుడో ఊడ్చేసి ఉంటారు. కానీ రాతి సందుల్లో నేను రాసిన పసుపు మిగిలి ఉంది. అక్కడినుంచి మొదలుపెట్టాను. తుడిచి, రాసి, బొట్టు పెట్టి, లేచి. తుడిచి, రాసి. కాసేపటికి లేవలేకపోయాను. గోపురం కనపడుతోంది. ఇంకా మెట్లు ఉన్నాయి. మెట్టు మీదే కూర్చుండిపోయాను.

అక్కడ కూర్చుంటే ఊరంతా కనిపించింది. నది మీద నీరెండ. కాలవలు మూడు పాయలుగా ఊళ్ళోకి వెళుతున్నాయి. తెల్లపందిళ్ళ కింద జనం కదులుతున్న చప్పుడు. కింద గొడుగు. ఆ గొడుగు నా వైపే తిరిగి ఉంది. నేను కూర్చోవడం చూసి అది లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది.

నేను అమ్మవారిని ఇన్నేళ్ళు బతకనివ్వమని అడగలేదు. ఆ పని నాకు చేతకాదు. "తల్లీ, ఈ మొక్కు ఇంతవరకే తీర్చగలిగాను. మిగిలిన మెట్లు నీకు బాకీ ఉంటాను. బాకీ ఉన్నదాన్ని ఊరు వదిలి పోకూడదు కదా" అన్నాను. ఒళ్ళంతా చెమట. రాయి నన్ను గట్టిగా పట్టుకున్నట్టుంది. అక్కడ పంతొమ్మిదేళ్ళు ఏ కుర్చీలో కూర్చున్నా కూర్చున్నట్టే ఉండేది కాదు.

పట్టీలో మాట్లాడే వీలు కూడా ఉంది, అక్కడినుంచే సలీమా గారిని పిలిచి ఇక్కడే ఉండిపోతానని చెప్పాను. ఆమె, "సరేనమ్మా. మందులు మాత్రం మానకండి. ఇక మెట్లు వద్దు," అంది.

మెల్లగా దిగాను. వదిన ఎదురొచ్చింది.

"డాక్టరమ్మతో మాట్లాడాను వదినా. గుండె కుదుటపడిందట. ఇక్కడే ఉండొచ్చంది. కాకపోతే కాస్త నిదానంగా ఉండాలట."

నా జీవితంలో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు. అదీ కొండ దగ్గర, పండగ రోజున. అమ్మవారికి ముందే చెప్పుకున్నాను.

వదిన నా మొహంలోకి చూసింది. గొడుగు ముడిచింది. మళ్ళీ తెరిచింది.

"మరి అన్నేసి పొట్లాలు కట్టించావేమే?" అంది. "కాలిన చేత్తో! కట్టేదాకా నోరు మెదపకుండా కూర్చుని చూసింది, మహాతల్లి! రేపట్నుంచి ఆ పొళ్ళన్నీ నువ్వే తినాలి, మూడుపూటలా. నిదానంగా ఉండమందా? నువ్వెప్పుడన్నా గబగబా ఉండి చచ్చావా? పద, పడవ పోతంది. చెంబు పట్టుకో. గాల్లో వదిలెయ్యమాక!"

కోటయ్య తెడ్డు ఆపి, "అమ్మయ్య, వదినగారికి గొంతొచ్చింది" అన్నాడు.

"నువ్వు నోరుమూసి పడవ నడుపు!"

దారిపొడుగునా తిడుతూనే ఉంది. పూలవాళ్ళ దగ్గర పడవ ఆపించి, తిడుతూనే నా తల్లో మల్లెపూలు తురిమింది.

విజయదశమి

డాక్టరమ్మా, ఈ కాగితాలు ఇవాళ జమ్మి ఆకుతో పాటు మీకు పంపుతున్నాను. పట్టీ రాసుకున్నది మీ దగ్గర ఉంది. అది ఎందుకు మోగిందో ఇందులో ఉంది. పైకి పట్టుకెళ్ళడానికని రాయడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఊరు కిటికీ అవతలే ఉంది.

నా మందులు మార్చినప్పుడు నాకే చెప్పండి. మీరు ఇంటికి వస్తే ఈసారి మజ్జిగ తాగి వెళ్ళాలి. మా వదిన మిమ్మల్ని కూడా తిడుతుంది, ఏమీ అనుకోకండి.

వీటిని చించెయ్యకండి. మీ బీరువాలో ఎక్కడో ఒకచోట ఉండనివ్వండి. కానీ ఎవరికీ చూపించకండి. ముఖ్యంగా ఆమెకి. నేను పోయాక కూడా వద్దు. తెలిస్తే, నన్ను తిట్టిన రోజులన్నీ తలచుకుని బాధపడుతుంది. నేను ఉండిపోయిందే వాటి కోసం.